ఉతికిన గోనెలు

గోనె సంచులు ఉతకమని చెప్పింది నేనే. ఆ మాట ముందే రాసేస్తున్నాను, తర్వాత ఎవరి మీదికైనా నెట్టాలని నాకే అనిపించవచ్చు గనక.

నేను పత్రికలకు రాసిన ఉత్తరాలు ఒక ట్రంకు పెట్టెకు సరిపోతాయి. రాజాం బస్టాండులో మరుగుదొడ్ల కంపు గురించి రాశాను. రేషను బియ్యంలో రాళ్ళ గురించి, కాటాల్లో మోసం గురించి, మూసి ఉన్న గ్రంథాలయం తలుపు గురించి రాశాను. కొన్ని అచ్చయ్యాయి, ఎక్కువ కాలేదు. అచ్చు కానివి కూడా నిజాలే. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ రాయలేదు. ఇందులో ముద్దాయిని నేను.

రాజాంలో ఒక ధాన్యం గోదాములో కాటా దగ్గర పనిచేశాను. మూడో తరగతిలో బడి మానేశాను. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది గోనె సంచుల మీదే. నల్లరంగుతో అచ్చుగుద్దిన మిల్లు పేర్లు ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని, తెలిసిన గుమస్తాని అడిగి, సరిచూసుకుని నేర్చుకున్నాను. ఆ తర్వాత తెలుగులో దొరికిన పుస్తకమల్లా చదివాను. నా అంతట నేను చదువుకున్నాననే గర్వం నాకుండేది. దానివల్ల ఇంకొకరి మాట వినే అలవాటు పోయింది.

నా భార్య నా మేనమామ కూతురే. అదే గోదాము వెనక రేకుల షెడ్డులో చిరిగిన సంచులకు మాసికలు వేసేది. ఎలుక కొరికినవి, కొక్కెం గుచ్చుకుని చిరిగినవి, అడుగు పుచ్చిపోయినవి ఆమె ముందుకు వచ్చి పడేవి. చిరుగు చిన్నదైతే దబ్బనంలో పురికొస ఎక్కించి, చిరుగు అంచు పోగులు పట్టుకుని, నిలువు పోగులు లాగి, వాటిలోంచి అడ్డం పోగులు నేసినట్టు పోనిచ్చేది. పెద్దదైతే అతుకు వేసేది. అతుక్కి ఏది దొరికితే అదే: చీర అంచు, సిమెంటు సంచి ముక్క, ఎన్నికలైపోయాక ఊడదీసిన జెండా గుడ్డ. ముప్పై ఏళ్ళు చేసింది ఆ పని.

మిగతా ఆడవాళ్ళు కుట్టు చివర ముడి వేసి తెంపేవారు. ఆమె ముడి వేసేది కాదు. కొసను వెనక్కి తిప్పి పోగుల కింద దాచేసేది. కారణం అడిగితే, "బస్తా మోసినోడి ఈపుకి ముడి రాసుకుంటాది గదా బావా" అంది. బస్తాలు మోసే కళాసీలకు ఆ సంగతి తెలుసు. వాళ్ళు ఆమెను అప్ప, అంటే అక్క, అని పిలిచేవారు. బస్తా ఎత్తుకునే ముందు ఒకడు రెండోవాడితో అనేవాడు:

"అప్ప కుట్టిందా కాదా సూసి ఎయ్యిరా నా మీద. నేకపోతే ఈపు దోక్కుపోద్ది."

"నీ ఈపుకి పట్టుబట్ట కావాలేటిరా?"

"పట్టు నేదు గానీ, అప్ప సెయ్యి సాలు."

రాష్ట్రం రెండు ముక్కలు కావడానికి రెండేళ్ళ ముందు, విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి మా గోదాముకు వచ్చింది. బొమ్మలు వేసే చదువు చదువుకున్న పిల్ల. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద మ్యూజియం మూడేళ్ళకోసారి ఆసియా దేశాల నుంచీ, పసిఫిక్ సముద్రంలో దీవుల నుంచీ ఈనాటి కళలన్నీ తెప్పించి నెలల తరబడి ప్రదర్శన పెడుతుందట. మన వైపు నుంచి ఏం పంపవచ్చో వెతికే పని ఈ అమ్మాయిది. షెడ్డులో పేర్చి ఉన్న పాత సంచులు చూసి అలాగే నిలబడిపోయింది. ఒక్కొక్కటీ తీసి, వెలుగుకు ఎత్తి పట్టుకుని, మాసికల మీద వేలు పెట్టి చూసింది. పన్నెండు సంచులు ఏరి పక్కన పెట్టింది. అన్నీ నా భార్య కుట్టినవే.

"గోనె సంచి ఆస్ట్రేలియా ఎల్తాదేటి? నేనే తిరపతి దాటి ఎల్లనేదు," అన్నాడు గోదాము సావుకారు. కానీ అడ్డు చెప్పలేదు, పట్టుకెళ్ళమన్నాడు.

ఆ అమ్మాయి సంచులతో మా ఇంటికి వచ్చి ఒక పెద్ద పుస్తకం తెరిచింది. వెనకటి ప్రదర్శనల ఫొటోలు. ఒక పేజీలో ఏదో దీవిలో ఆడవాళ్ళు అల్లిన చాపలు, ఎత్తయిన తెల్లగోడకు వేలాడదీసి ఉన్నాయి. నా భార్య ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది సాప గదా. సాపని గోడకెందుకు కట్టారు?"

"కింద పేరు రాసి ఉన్నాది సూడు," అన్నాను.

"ఎవులి పేరు? కొన్నోడిదా?"

"అల్లిన ఆవిడది."

ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది. తర్వాత ఆ అమ్మాయిని అడిగింది: "సంచి కుట్టినోళ్ళ పేరు కూడా రాస్తారా అమ్మా?"

"రాస్తారు మామ్మగారూ. మీ పేరే రాస్తారు."

సంచి మీద పేరంటే మిల్లుదో, సావుకారుదో. ముప్పై ఏళ్ళలో ఆమె చేతుల కింద ఎన్నో వేల పేర్లు వెళ్ళాయి. తన పేరు ఉండొచ్చనే ఆలోచన ఆమెకు ఎన్నడూ వచ్చి ఉండదు. నాకూ రాలేదు. ఆ సాయంత్రం ఆమె నా చేత తన పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మూత లోపల అంటించింది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా చూసుకునేది.

వెళ్తూ ఆ అమ్మాయి నాతో అంది: "వీటిని ఏమీ చెయ్యకండి తాతగారూ. ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. నెల రోజుల్లో పెట్టెలు తెచ్చుకుని వస్తాను."

స్పష్టంగానే చెప్పింది. నాకు స్పష్టంగానే వినిపించింది కూడా. కానీ మా వైపు ఇంటికొచ్చిన మనిషి "ఏమీ వద్దండీ, శ్రమ పడకండి" అంటే దాన్ని ఎవరూ మాటగా తీసుకోరు. వద్దన్నారని కాఫీ ఇవ్వకుండా పంపితే ఆ ఇంటివాళ్ళను ఏమనాలి? వద్దనడం వచ్చినవాళ్ళ మర్యాద. చెయ్యడం మన మర్యాద. డెబ్బై ఏళ్ళు అలాగే బతికాను.

"వద్దంది గదా బావా ఆ పాప," అంది నా భార్య, నేను చాకలి సోడా తెచ్చిన రోజున.

"వద్దనే అంటాది. ఇవి ఉతికి పెట్టండీ అని నీతో సెప్తాదేటి? మనకి తెలియాల. అక్కడ దేశదేశాల వోళ్ళు వస్తారే. నీ పేరు కింద మురికి గోనె ఏలాడుతుంటే సిగ్గు కాదా?"

పేరు అనే మాట వాడాను. దానితో ఆమె సంచులు తెచ్చి నా ముందు వేసింది.

బోరు దగ్గర రెండు రోజులు నానబెట్టి ఉతికాం. అక్కడితో ఊరుకున్నానా? ఆ రంగురంగుల అతుకులు నాకు దరిద్రంగా కనిపించాయి. చీర అంచులు, జెండా గుడ్డలు అన్నీ ఊడదీయించాను. కొత్త పురికొస ఉండ తెచ్చాను. పన్నెండు సంచుల్లో ఉన్న చిరుగులన్నీ ఒకే రంగు పోగుతో, ఒకే తీరున మళ్ళీ కుట్టమన్నాను. చివర పలచగా గంజి కూడా పెట్టించాను. గుమ్మంలో వెలుతురున్నంతసేపూ కూర్చుని మూడు వారాలు కుట్టింది. అప్పటికే ఆమె కళ్ళు తేడాగా ఉన్నాయి.

"దీపం సుట్టూ రంగుల సున్నాలు కనిపిస్తన్నాయి బావా."

"పనెక్కువై, అంతే. పంపించీసాక పడుకుందువు గాని."

ఆ అమ్మాయి చెప్పిన రోజుకే వచ్చింది. నేను సంచులన్నిటినీ ఇస్త్రీ బట్టల్లా మడిచి, పైన కొత్త తువ్వాలు కప్పి ఉంచాను. తువ్వాలు తీసింది. మొదటి సంచి విప్పింది. రెండోది విప్పింది. మూడోది విప్పలేదు.

"తాతగారూ, ఇవి ఆ సంచులేనా?"

"ఆ సంచులే. ఎలాగున్నాయి?"

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భార్య కంగారుపడి దగ్గరకు వచ్చింది. "ఏటైంది తల్లీ? కుట్టు బానేదా?"

"చాలా బాగుంది మామ్మగారూ," అని ఆమె చెయ్యి పట్టుకుంది. మంచి పిల్ల. ఆమె ముందు ఒక్క మాట అనలేదు. నన్ను వీధిలోకి తీసుకెళ్ళి చెప్పింది. వాటి మీద ముప్పై ఏళ్ళు ఉండేవి తాతగారూ, ఇప్పుడు ఒక నెల మాత్రం ఉంది, అంది. ఇలాంటివి బజార్లో కొత్తవే దొరుకుతాయి, అక్కడివాళ్ళు ఒప్పుకోరు, అంది.

నేనేం చేశాను? అరిచాను. "మురికి కావాలంటే ముందే సెప్పాల్సింది! మా ఊళ్ళో మురికికి కరువా? మా దరిద్రం సూడ్డానికి వస్తారన్నమాట మీ వోళ్ళు!" అన్నాను. పక్క ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. ఆ అమ్మాయి తలొంచుకుని నిలబడి, నేను ఆగాక, "ముందే చెప్పాను తాతగారూ," అంది. అంతే అంది. ఇంకో మూడేళ్ళకు మళ్ళీ ప్రదర్శన ఉంటుంది, ఈలోపల మామ్మగారు కుట్టిన పాత సంచి ఏదైనా దొరికితే దాచండి, ముట్టుకోకండి, అని నా ఫోను నంబరు రాసుకుని ఆటో ఎక్కింది.

లోపలికి వెళ్ళి నా భార్యతో చెప్పాను: "ఓడలో సోటు సాలనేదంట. వచ్చేసారి తప్పకుండా పంపుతారంట. అందాకా సంచులు గోదాములో దాయమంది."

"ఎప్పుడు?"

"మూడేళ్ళకి."

"అప్పటికి కళ్ళుంటాయంటావా?" అని నవ్వింది.

ఉండలేదు. విజయనగరంలో కళ్ళ డాక్టరు నీటి కాసుల జబ్బు, గ్లకోమా అన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెడదాం అన్నాడు. అదీ నిలబడలేదు. ఆ మూడు వారాల కుట్టు వల్ల వచ్చిందా అని అడిగాను. అలా రాదండీ, అన్నాడు. నాలుగు పుస్తకాలు చదివాను, వాటిలోనూ అలా వస్తుందని లేదు. జీవితంలో మొదటిసారి పుస్తకం చెప్పింది నేను నమ్మలేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె బియ్యం డబ్బా మూత తీసి, కాగితాన్ని వేలితో తడిమి చూసుకునేది. అక్షరాలు వేలికి తగలవు గదా. అయినా తడిమేది.

పెద్ద తుపాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, వానాకాలంలో, ఆ అమ్మాయి ఫోను చేసింది. పది రోజుల్లో వస్తాను, ఒక్క సంచి ఉన్నా చాలు తాతగారూ, అంది. ఫోను గొంతు పక్కనే ఉన్న నా భార్యకు వినిపించింది.

"వస్తందా? నేనన్నానా నీకు, ఆ పాప మాట తప్పదని!"

మర్నాడు ఉదయమే గోదాముకు వెళ్ళాను. షెడ్డు లేదు. ప్లాస్టిక్ సంచులు వచ్చాక మాసికల పనే లేదు. సావుకారు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:

"నీ పన్నెండు గోనెలూ, పాతవీ అన్నీ తుపానుకి తడిసి కుళ్ళిపోతే గొయ్యి తీయించి కప్పెట్టించాను."

"ఒక్కటైనా మిగల్నేదా?"

"ఒక్కటుంటే నా నడుం కింద ఏసుకుందును. నొప్పితో సస్తన్నాను."

రాజాంలో ఉన్న మిల్లులన్నీ తిరిగాను. చీపురుపల్లి స్టేషను దగ్గర గోదాములు చూశాను. విజయనగరం మార్కెట్లో కిరాణా కొట్టు ముందు కాళ్ళు తుడుచుకునే గోనె కనిపిస్తే వంగి అంచు తిప్పి చూశాను. ముడి ఉంది. "ఏం పోగొట్టుకున్నారు మాస్టారూ?" అని కొట్టువాడు అడిగితే గోనె సర్ది వచ్చేశాను. పశువుల పాకల్లో దూరాను. మంచు గడ్డల మీద కప్పిన గోనెలు ఎత్తి చూశాను, తిట్లు తిన్నాను. కూలిపోయిన గోడ మీద వాన పడకుండా కప్పిన గోనె లాగబోతే ఒక ముసలమ్మ చీపురు పట్టుకుంది. ఏడు రోజులు పోయాయి. రోజూ ఇంటికి వెళ్ళగానే నా భార్య గొంతు: "దొరికిందా బావా?" ఒక రోజు దొరకలేదన్నాను, ఇంకో రోజు ఫలానా చోట ఉందన్నారని చెప్పాను. ఎక్కడా లేదు. వేల సంచులు కుట్టిన మనిషి చేతి పని రెండు జిల్లాల్లో ఒక్క ముక్క మిగల్లేదంటే నమ్మడం ఎలా?

ఎనిమిదో రోజు చీపురుపల్లి నుంచి తిరిగి వస్తుంటే మేకల మంద అడ్డొచ్చి బస్సు ఆగింది. వాన పడుతోంది. రోడ్డు పక్కనే మడిలో ఆడవాళ్ళు వరినాట్లు ఊడుస్తున్నారు. మా పొలాల్లో వానకి గోనె సంచి మూలను రెండో మూలలోకి దోపి, తల మీంచి వీపు మీదికి కప్పుకుంటారు. గట్టుకు దగ్గరగా వంగి ఉన్న మనిషి వీపు మీద గోనెకు నడి మధ్య ఒక మాసిక. ఎర్ర గుడ్డ అతుకు, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టు. నేను బస్సులోంచి దిగిపోయాను.

"ఓలమ్మ, తాత నీ ఈపు సూసి బస్సు దిగిపోనాడే!" అని ఒకామె కేక వేసింది. మడంతా నవ్వులు.

"తాతా, ఇంటికాడ అప్ప నేదేటి?"

"ఉన్నాదమ్మా. ఆ గోనె ఒక్కసారి సూడనీ తల్లీ."

గోనె కప్పుకున్న మనిషి నడుం నిటారుగా చేసింది. "సూడు. తియ్యను మాత్రం, తడిసిపోతాను."

బురదలో దిగి ఆమె వెనక నిలబడి కుట్టు చివర తడిమాను. ముడి లేదు. నాలుగు చోట్ల చూశాను, నాలుగు చోట్లా లేదు.

"ఇది మా యింటిదాని పని!"

"అయితే? నేనేటి దొంగిలించానా? మా మావ సంతలో తెచ్చినాడు."

ఆస్ట్రేలియా సంగతి చెప్పాను. వాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. గోనె కప్పుకున్నామె అంది: "అంత దూరం ఎల్తాదా? అయితే నన్ను కూడా అందులో ఏసి మూతి కుట్టీసి పంపించు తాతా. ఈ ఊడుపులు తప్పుతాయి."

నా గొడుగు ఇచ్చాను. గొడుగు పట్టుకుని నాట్లెలా వేస్తారని నవ్వుకున్నారు గానీ, తీసుకుని గోనె ఇచ్చింది. దాన్ని చొక్కా లోపల పెట్టుకుని తడుస్తూ ఇంటికి వెళ్ళాను. ముట్టుకోలేదు, ఆరబెట్టలేదు, బురద కూడా దులపలేదు.

"దొరికిందే!" అన్నాను గుమ్మంలోంచే.

ఆమె మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులూ చాపింది. గోనె ఒళ్ళో వేశాను. మెల్లగా తడుముతూ అతుకు దగ్గరకు వచ్చింది. అంచు చుట్టూ వేలు నడిపింది. కుట్టు చివర ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇది నాది కాదు బావా."

"ముడి నేదే! సూడు!"

"ముడి నేకుండా నేనొక్కదాన్నే కుడతాననుకున్నావా? నేను కొస మూడు పోగులు ఎనక్కి తిప్పుతాను. దీనికి నాలుగు తిప్పినారు. మంచి సెయ్యే, ఎవులిదో."

మూడు పోగులు. ముప్పై ఏళ్ళు ఆ సంచులు నా కాటా మీదికి ఎక్కాయి, దిగాయి. ఒక్కసారి లెక్కపెట్టలేదు.

"ఎవులికి తెలుస్తాది? ఆ పిల్లకి తెలుస్తాదా, ఆస్ట్రేలియా వోళ్ళకి తెలుస్తాదా? నీ పేరు రాయిస్తాను," అన్నాను. బతిమాలాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేతులు పట్టుకుని బతిమాలాను.

"ఎవులో కుట్టిన దాని కింద నా పేరెలా రాస్తారు? సావుకారు రాసినట్టా?" అంది. ఆ తర్వాత చేతులు విడిపించుకుని, గోనె మడుస్తూ అడిగింది: "మొదటిసారి నిజంగా ఓడలో సోటు సాలనేదా?"

చెప్పేశాను. సోడా, గంజి, ఊడదీయించిన అతుకులు, వీధిలో ఆ పిల్ల అన్న మాట, నేను అరిచిన అరుపు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. "వద్దంది గదా బావా ఆ పాప," అని మాత్రం అంది, మూడేళ్ళ కిందట అన్నట్టే, అంతే మెల్లగా.

ఆ అమ్మాయి వచ్చినప్పుడు నేను నోరు తెరవకముందే మంచం మీంచి నా భార్యే చెప్పింది: "సంచి బాగున్నాది గానీ, నాది కాదు తల్లీ."

ఆ అమ్మాయి చాలాసేపు ఆమె పక్కన కూర్చుంది. ఎవరు చేశారో తెలియకుండా తీసుకెళ్ళలేను, అంది. పోనీ మీరు కుట్టే తీరు వీడియో తీసుకుంటాను, దాన్నే చూపిస్తాం, అంది. నా భార్య చేతులు కొంగులో పెట్టేసుకుంది.

"గుడ్డిదాన్ని, దబ్బనం పట్టుకుని తడుముకుంటే అది సూడ్డానికి వస్తారా అమ్మా జనం? వద్దు. సంచి ఉంటే గోడకి కట్టండి."

ఆ అమ్మాయి వెళ్ళాక అడిగింది: "మూడేళ్ళకి మళ్ళీ పెడతారా?"

"పెడతారు."

"అయితే నన్ను కూడా తీసుకెళ్ళు ఎతకడానికి. నువ్వు సూడొద్దు. నేను ముట్టుకుంటాను."

మొదట ఆ గోనెను పొలానికి పట్టుకెళ్ళి ఇచ్చేశాం. గొడుగు ఉంచుకోమన్నాం. అప్పటి నుంచి వీలున్నప్పుడల్లా ఇద్దరం బస్సెక్కుతున్నాం. మోకాళ్ళు సహకరించని రోజు మానేస్తాం. పాత మిల్లులు, సంతలు, పశువుల పాకలు తిరుగుతాం. ఆమె నా భుజం పట్టుకుని నడుస్తుంది. ఎక్కడ గోనె కనిపించినా ఆమె చెయ్యి తీసుకెళ్ళి దాని మీద పెడతాను. జనం దారి ఇస్తున్నారు, కొందరు మంచినీళ్ళు ఇస్తున్నారు. గోనెలు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి.

నిన్న చీపురుపల్లిలో ఒక టీ కొట్టు వెనక, కట్టెల మీద ఒకటి కప్పి ఉంది. ఆమె వంగి, కుట్టు కొస వెతికి పట్టుకుంది. నేను కట్టెలు జారకుండా పట్టుకున్నాను.

"కాదు," అంది. "పద బావా, బస్సెల్లిపోద్ది."